కంప్యూటర్‌ను కాల్చింది కొబ్బరినీళ్లు కాదు

మా ఆఫీసులో కొత్తగా ఎవరు చేరినా మొదటి వారంలోనే వాళ్లకు ఒక కథ చెబుతారు. పూర్వం ఇక్కడికి మొట్టమొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు ఒక అటెండరమ్మ దానికి కొబ్బరినీళ్లు తాగించిందట. అది ఢామ్మని పేలిందట. చెప్పేవాళ్లు చెంబు వంచినట్టు చేయి వంచి మరీ చూపిస్తారు. వినేవాళ్లు పగలబడి నవ్వుతారు. పోయిన నెల టీ తాగుతూ ఈ కథ చెబుతున్న అబ్బాయి నా వైపు తిరిగి, "సార్, అప్పుడు మీరు ఇక్కడనే ఉన్నరట గదా, నిజమేనా?" అని అడిగాడు.

పాతికేళ్లకు పైగా ఆ ప్రశ్నకు నవ్వి ఊరుకుంటూ వచ్చాను. ఆ రోజు నవ్వు రాలేదు. "రేపు చెప్తా" అన్నాను. మర్నాడు కూడా చెప్పలేకపోయాను. నోటితో చెప్పలేనిది కాగితం మీదైనా పెడదామని ఇది రాస్తున్నాను. పిల్లలూ, మీరు విన్న కథలో కంప్యూటర్ పేలిందన్నది ఒక్కటే నిజం.

తొంభైల నడిమి మాట. హాలియాకు కొద్ది దూరంలో, కాలువ నీళ్లు పంచే ఈ చిన్న ఆఫీసులోనే నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి రెండేళ్లయింది. తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగి, ఈమధ్యే మళ్లీ ఇక్కడికి వచ్చాను. ఏ తూముకు ఎన్ని రోజులు నీళ్లు వదలాలి, ఏ ఊరి వంతు ఎప్పుడు అనే పట్టికలు తయారు చేయడం అప్పుడు మా పని. టైపిస్టు మేడం ఐదు కార్బన్ కాగితాలు పెట్టి కొడితే, ఐదో కాపీ మీద అక్షరాలు మంచులో నడిచే మనుషుల్లా కనిపించేవి. రైతులు ఆ కాగితాన్ని ఎండకు పట్టి, "గిండ్ల మా ఊరు పేరున్నదా, మాయమైందా సార్?" అని అడిగేవాళ్లు.

ఆ పట్టికల కోసమే మాకు కంప్యూటర్ ఇస్తున్నట్టు పై నుంచి కాగితం వచ్చింది. ముందుగా ఆఫీసుకు ఒకరిని నల్లగొండలో మూడు రోజుల శిక్షణకు పంపమన్నారు. అందరికంటే చిన్నవాణ్ణని నన్ను పంపారు. అక్కడ ఒక్క మిషన్ చుట్టూ పద్నాలుగు మందిమి. మూడు రోజులూ నేను చూసింది ముందు నిలబడ్డవాళ్ల మెడలు. మూడో రోజు సాయంత్రం నా వంతు వచ్చింది. నా పేరు సగం కొట్టేలోగా కరెంటు పోయింది.

తిరిగి వచ్చాక డీఈ సారు పిలిచారు. డీఈ అంటే మా ఆఫీసుకు పెద్ద ఇంజనీరు. కోస్తా వైపు మనిషి. కోపం ఎంత తొందరగా వచ్చేదో అంత తొందరగా పోయేది.

"ఏవయ్యా, నేర్చుకున్నావా?"

"నేర్చుకున్న సార్."

"అంతా వచ్చేసినట్టేనా?"

"వచ్చినట్టే సార్."

ఆయన అడిగిన తీరులో కాదనడానికి చోటు లేకపోయిందని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. చోటు బాగానే ఉంది. నేనే అందులోకి పోలేదు.

ఇక మీరు కథలో వినే అటెండరమ్మ గురించి చెప్పాలి. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. అందరం "అక్కా" అనేవాళ్లం. హెడ్ క్లర్కు సారు మాత్రం "అటెండర్" అనే పిలిచేవారు. ఆమె భర్త కాలువ మీద లష్కరు, అంటే తూముల తలుపులు ఎత్తి దించే కాపలా మనిషి. ఒక వానాకాలం డ్యూటీలో ఉండగా పాము కరిచి పోయాడు. ఆ తర్వాత ఆమెకు ఆఫీసులో ఈ పని ఇచ్చారు. తరతరాలుగా ఒకరి పొలంలో చెమటోడ్చిన ఇంట్లో సర్కారు జీతం తీసుకున్న మొదటి మనిషి ఆమె భర్త, రెండో మనిషి ఆమె. ఆదివారం తెల్లచీర కట్టుకొని చర్చికి పోయేది. సోమవారం పొద్దున అందరికంటే ముందొచ్చి ఆఫీసు తాళం తీసేది.

ఆఫీసులో ఆమె జాగా గుమ్మం పక్కన స్టూలు. కానీ రికార్డు గది మాత్రం ఆమె రాజ్యం. ఏ ఫైలు ఏ బీరువాలో, ఏ అరలో, ఏ రంగు దారంతో కట్టి ఉందో కళ్లు మూసుకొని చెప్పేది. ఆ గదికి రికార్డ్ అసిస్టెంటు పోస్టు ఒకటి ఉండేది గానీ చాలా కాలంగా ఖాళీ. ఆ పని ఆమే చేసేది, పేరు లేకుండా. ఆ పోస్టు కోసమే ప్రైవేటుగా పదో తరగతి కట్టి, లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి పాసైంది. ఆ ఎండాకాలం తయారయ్యే పదోన్నతుల జాబితాలో ఆమె పేరు మొదటిది.

"గా పోస్టుల ఏముందక్కా, జీతం గూడ పెద్దగా పెరగదు గదా" అని ఒకసారి అడిగాను.

"కుర్సీ ఉంటది సార్" అంది. "ఎన్కకు ఒరిగి కూసోవచ్చు. ముందట టేబులుంటది, రాసుకునేటందుకు. తొమ్మిదేండ్లాయె గీ స్టూలు మీద, నడుము ఇరిగిపోతాంది."

కంప్యూటర్ ఒక వ్యానులో వచ్చింది. మూడు అట్టడబ్బాలు. తెచ్చినవాళ్లు వాటిని వరండాలో దించి, "యూపీఎస్ ఇంకో బండిలో వస్తది. మా ఇంజనీరు వచ్చి బిగిస్తడు. అందాక డబ్బాలు తెరవొద్దు" అని చెప్పి వెళ్లిపోయారు. వారమైంది. యూపీఎస్ రాలేదు, ఇంజనీరు రాలేదు. వచ్చింది కబురు: డీఈ సారుకు పైఆఫీసరైన ఎస్ఈ సారు గురువారం మా ఆఫీసు చూడటానికి వస్తున్నారని.

"గురువారం పదిన్నరకు ముహూర్తం కూడా బావుంది" అన్నారు డీఈ సారు. "ఎస్ఈ గారి చేత్తోనే స్విచ్ వేయిద్దాం. ఇంజనీరు కోసం చూడ్డం దేనికి? మన దగ్గర అంతా నేర్చుకొచ్చినవాడు ఉన్నాడుగా!"

అందరూ నా వైపు చూశారు. నేను తల ఊపాను.

బుధవారం పొద్దున పని మొదలైంది. డీఈ సారు మధ్యాహ్నం నడుం వాల్చే చిన్న గదిని కంప్యూటర్‌కు ఇచ్చారు. కిటికీకి పరదా, నేలకు కొత్త చాప. "పాదరక్షలు బయట విడువగలరు" అని అట్టముక్క మీద అక్కే గుండ్రటి అక్షరాలతో రాసి గుమ్మానికి కట్టింది. ఆ అట్ట వంక రోజంతా మురిపెంగా చూసుకుంది.

డబ్బాలు విప్పుతుంటే తెల్ల థర్మోకోల్ గుండ్లు గదంతా ఎగిరాయి. టైపిస్టు మేడం దూరంగా నిలబడి చూస్తున్నారు. ఆమె భయం ఆమెది, తన టైపు మిషన్‌ను రేపు ఎక్కడ పడేస్తారోనని.

"కాగితం యాడ పెట్టాలె తమ్మీ దీనికి?" అని అడిగారు.

"దీన్ల పెట్టరు మేడం. అచ్చేసేటందుకు ఇంకో మిషన్ ఉంటదట."

"మరి ఇదేం జేస్తది?"

"చూపిస్తది."

"చూపిచ్చెటందుకే గింత పెద్దదా!" అని ఆమె ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ తర్వాత భయం కొంచెం తగ్గి దగ్గరికి వచ్చారు.

డబ్బాతోపాటు ఇంగ్లీషులో ఒక పుస్తకం వచ్చింది. ఇంగ్లీషు అనగానే మా ఆఫీసులో హెడ్ క్లర్కు సారే. కళ్లజోడు పెట్టుకొని ఆ పుస్తకాన్ని ప్రభుత్వ ఉత్తర్వు చదివినట్టు, ఒక్కో వాక్యం చదివి అప్పటికప్పుడు ఆఫీసు తెలుగులోకి మారుస్తూ వినిపించారు. "'తీగలన్నియు గట్టిగా బిగింపబడినవని నిర్ధారించుకొనవలెను.' నిర్ధారించుకోవలె అన్నడు గని, ఎవరు నిర్ధారించుకోవాల్నో రాయలే. బాధ్యత ఎవరి మీద లేకుంట రాసిండు చూడు, హుషారోడు!"

ఏ తీగ ఏ రంధ్రంలోకి పోవాలో చివరికి తేల్చింది టైపిస్టు మేడం. స్వెట్టర్లు అల్లే మనిషి కదా, తీగ చివర సన్నటి సూదుల్లాంటివి లెక్కపెట్టి, మిషన్ వెనక అన్నే చిల్లులున్న చోటు వెతికి, "గిది గిండ్లకే" అనేవారు. నేను దూర్చేవాణ్ణి. నేర్చుకొచ్చినవాణ్ణి నేను కాబట్టి దూర్చే హక్కు నాది.

ఆ పుస్తకంలో ఇంకో వాక్యం వచ్చింది. "'యంత్రమును మీ ప్రాంతపు విద్యుత్తునకు అనుగుణముగా అమర్చుకొనవలెను.' ఇది ఇంజనీరు సంగతి, మనకెందుకు" అని హెడ్ క్లర్కు సారు పేజీ తిప్పేశారు. అప్పటికి ఒంటిగంటయింది. అందరూ అన్నాలకు లేచారు.

గదిలో నేనూ, థర్మోకోల్ గుండ్లు ఊడుస్తూ అక్కా మిగిలాం. ఆ వాక్యం నా చెవిలోనే ఉంది. మిషన్ వెనక్కి వంగి చూశాను. కరెంటు తీగ పెట్టే చోటి పక్కనే వేలిగోరంత ఎర్ర స్విచ్ ఒకటి కనిపించింది. దాని మీద రెండు వందల ముప్పై అనే వోల్టుల అంకె ఉంది. కిందికి జరిపితే నూట పదిహేను వస్తుంది.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. మాది మోత్కూరు వైపు, కాలువ లేని మెట్ట. పొలాల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారి నడిస్తే, ఇంట్లో బల్బు లోపలి తీగ ఎర్రగా, ఆరిపోయే బొగ్గులా ఉండేది. దాని వెలుతురులోనే చదువుకున్నాను. ఈ ఆఫీసులోనూ అంతకంటే ఏమీ మేలు కాదు. ఫ్యాను తిరుగుతుంటే రెక్కలు లెక్కపెట్టవచ్చు. అలాంటివాడికి ఆ రెండంకెలు చూడగానే అంతా అర్థమైపోయింది. పెద్ద అంకె హైదరాబాదుకు, చిన్నది మనలాంటి వాళ్లకు. కరెంటు తక్కువున్న చోట మిషన్‌ను తక్కువకే పెట్టాలి. ఇంతకంటే తెలివైన ఆలోచన నా ఉద్యోగ జీవితంలో మళ్లీ రాలేదు.

జేబులో పెన్ను తీసి, దాని కొనతో స్విచ్‌ను కిందికి అన్నాను.

"అదేంది సార్?" అంది అక్క, చీపురు పట్టుకునే.

"మన దిక్కు కరెంటు తక్కువ గదక్కా. గందుకని తక్కువ నంబరుకు పెట్టిన."

ఆమె వంగి ఆ స్విచ్‌ను చూసింది. "మరి ఎక్కువస్తే?"

"మన దగ్గర ఎక్కువెన్నడొచ్చింది!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రోజే ఒకసారి స్విచ్ వేసి చూస్తే అక్కడే తేలిపోయేది. నేను అడిగాను కూడా. డీఈ సారు ఒప్పుకోలేదు. "పూజ కాకుండా ఎలా వేస్తావయ్యా? కొత్త జీపును పూజ కాకుండా నడుపుతామా?" అన్నారు. లోలోపల నాకూ అదే మంచిదనిపించింది. స్విచ్ వేసిన తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు.

గురువారం పొద్దున ఎస్ఈ సారు జీపు దిగేసరికి ఆఫీసు పెళ్లిపందిరిలా ఉంది. పెద్ద ఆఫీసరు వస్తున్నారని డీఈ సారు ముందురోజే కరెంటాఫీసుకు మనిషిని పంపి, "రేపొక్క పూట కరెంటు మంచిగా ఉండేటట్టు చూడుండ్రి" అని చెప్పించారట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ పొద్దున ట్యూబులైట్లు మిణుకుమనకుండా ఒక్కసారే వెలిగాయి. ఫ్యాను రెక్కలు కనిపించనంత జోరుగా తిరిగింది. "ఎస్ఈ సారు పాదం మంచిది" అని హెడ్ క్లర్కు సారు అన్నారు. అందరితోపాటు నేనూ సంతోషించాను.

కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టడం మాత్రం అక్క పని. ఎందుకంటే ఒక్క దెబ్బకు రెండు చెక్కలు సమంగా పగలగొట్టే చేయి ఆఫీసులో ఆమెదొక్కటే. ప్రతి దసరాకూ జీపు ముందు ఆమె చేతనే కొట్టించేవారు.

"మా పాస్టరయ్య జూస్తే వచ్చే ఆదివారం నా పేరు వెట్టి ప్రార్థన జేపిస్తడు" అని నాతో మెల్లగా అని, మెట్టు మీద కాయ కొట్టింది. నీళ్లు చెంబులో పట్టింది.

"మిషన్ మీద జర చల్లు అటెండర్" అన్నారు హెడ్ క్లర్కు సారు.

"మిషన్ మీదనా సార్?"

"రెండు సుక్కలే. శుభం."

ఆమె వేళ్లు తడిపి, టీవీలాంటి దాని అద్దం మీద చిలకరించింది. మూడు చుక్కలు పడ్డాయి. నేను పక్కనే ఉన్నాను. నా చేతిరుమాలుతో వెంటనే తుడిచాను. లోపలికి ఒక్క చుక్క పోలేదు. ఇది నేను ఏ కోర్టులోనైనా చెప్పగలను. చెప్పవలసిన చోట మాత్రం చెప్పలేదు.

ఎస్ఈ సారు చిరునవ్వుతో బొత్తాం నొక్కారు.

దీపావళికి డబ్బాలో పటాకా పెట్టి పేల్చినట్టు ఢామ్మని మోగింది. వెనక నుంచి తెల్లటి పొగ, చేపలు మాడిన వాసన. ఎస్ఈ సారు నుదుటి బొట్టుతోనే రెండంగల్లో వరండాలో ఉన్నారు. డీఈ సారు ఆయన వెనక. హెడ్ క్లర్కు సారు చెప్పులు వేసుకోవడానికి ఆగి, వేసుకోకుండానే పరుగెత్తారు.

"తీగ పీకండయ్యా ఎవరన్నా!" అని డీఈ సారు కేక.

పీకడానికి నేను లోపలికి వెళ్లాను. నా ధైర్యాన్ని ఆ తర్వాత చాలామంది మెచ్చుకున్నారు. చిన్న అంకెకు పెట్టిన మిషన్ మీద నిండు కరెంటు పడిందని, లోపలికి వెళ్లేది తీగ కోసం కాదని నాకు ఒక్కడికే తెలుసు. ప్లగ్గు పీకాను. మిషన్ వెనక్కి చేయి పెట్టాను. పెన్నుతో ఆ ఎర్ర స్విచ్‌ను మళ్లీ మీదికి, రెండు వందల ముప్పైకి అన్నాను.

తిరిగి చూస్తే గుమ్మంలో అక్క ఉంది. మంటలార్పే ఇసుక బకెట్ గోడ నుంచి తీసుకొని నా వెనకే వచ్చింది, నాకేమన్నా అవుతుందేమోనని. ఆమె చూపు నా ముఖం మీద లేదు. పెన్ను మీద ఉంది.

"ఇసుక వద్దక్కా" అన్నాను. ఆమె బకెట్ దించింది.

బయట అప్పటికే తీర్పు అయిపోయింది. కొబ్బరినీళ్లు. చల్లమన్నది తానేనని హెడ్ క్లర్కు సారుకు గుర్తు రాలేదు. "రెండు సుక్కలు అంటే చెంబెడు పోసినట్టుంది" అన్నారు. ఎవరూ కాదనలేదు. చెంబు ఆమె చేతిలో ఉంది, ఆమె అటెండరు, నిన్నటి దాకా ఒకరి పొలంలో కూలి చేసిన ఇంటి మనిషి. తప్పు ఆమె మీద అంత తేలిగ్గా ఎందుకు వాలిందో మేం ఎవరం పైకి అనుకోలేదు. అనుకోవలసిన అవసరమే మాకు కలగలేదు.

పది రోజులకు హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చాడు. మిషన్ విప్పి, లోపల మాడిన ముక్కలు చూపించి, వెనక స్విచ్ చూశాడు. అది ఉండవలసిన చోటే ఉంది. తల గోక్కున్నాడు. "కరెంటు హెచ్చుతగ్గులు కావచ్చు. తడి గూడ కావచ్చు" అన్నాడు. హెడ్ క్లర్కు సారు "తడి" అన్న మాటను గట్టిగా పట్టుకున్నారు. ఇంజనీరు పోయే ముందు ఆ ఎర్ర స్విచ్ మీద ఒక ప్లాస్టర్ ముక్క అంటించి, "దీన్ని ఎవరూ ముట్టకుండ్రి" అన్నాడు. అందరికీ చెప్పినట్టే చెప్పాడు గానీ, నా వైపు ఒకసారి చూశాడని నాకు ఇప్పటికీ అనుమానం.

బాధ్యులెవరో తేల్చమని పై నుంచి కాగితం వచ్చింది. అక్కకు మెమో ఇచ్చారు. వారంలోగా సంజాయిషీ రాసి ఇవ్వాలి. మెమో తేలనివాళ్ల పేరు పదోన్నతుల జాబితాలోకి పోదు. ఆ జాబితా ఆ నెలలోనే తయారవుతుంది.

నేను చెప్పవలసిన రోజు అదే. ఆ సాయంత్రం ఆమె మెమో పట్టుకొని నా టేబులు దగ్గరికి వచ్చింది. ఆఫీసులో అందరి దరఖాస్తులూ నేనే రాసేవాణ్ణి.

"మీరే రాయుండ్రి సార్" అంది. "ఏం జరిగిందో మీకు ఎరుకే గదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నాకు దారి చూపించింది అంతే. నేను తెల్లకాగితం తీసుకున్నాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. శిక్షణకు పోయి, అంతా వచ్చని చెప్పి, ఎస్ఈ ముందు మిషన్ కాల్చినవాడి పేరు ఏమవుతుందో ఆలోచించాను. ఆమె కుర్చీ గురించి కూడా ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది. ఆలోచించలేదు.

"పొరపాటున కొబ్బరినీళ్లు యంత్రములో పడినవి. ఇకముందు జాగ్రత్తగా ఉందును. క్షమించ ప్రార్థన" అని రాశాను.

పదో తరగతి పాసైన మనిషి. ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ చదివింది. చదివి, నా ముఖంలోకి చూసింది.

"గిదేనా సార్ రాసేది?"

"గిట్ల రాస్తెనే తొందరగ అయిపోతదక్కా. క్షమించుమంటే ఇడిసిపెడ్తరు."

ఆమె నా పెన్ను అడిగి తీసుకొని, అదే పెన్నుతో, గుండ్రంగా సంతకం చేసింది.

విడిచిపెట్టలేదు. తప్పు ఒప్పుకున్నట్టయింది కాబట్టి మందలింపు రాసి ఆమె సర్వీసు పుస్తకంలో చేర్చారు. జాబితాలోంచి పేరు పోయింది. ఆ పోస్టును ఇంకో ఆఫీసు మనిషితో నింపారు. ఆ వచ్చినాయనకు ఏ ఫైలు ఎక్కడుందో రోజూ ఆమే వెతికిచ్చేది, స్టూలు మీంచి లేచి.

కంప్యూటర్ మాత్రం బాగుపడింది. భయపడిన టైపిస్టు మేడమే నాకంటే ముందు నేర్చుకున్నారు. నీళ్ల పట్టికలు అచ్చయ్యి రావడం చూసి రైతులు కాగితాన్ని ఎండకు పట్టడం మానేశారు. అక్క ప్రతి పొద్దునా ఆ మిషన్‌ను పొడిగుడ్డతో తుడిచేది. నాకు టీ తెచ్చేది, ఎప్పటిలాగే రెండు చెంచాల చక్కెర. నాతో మాటల్లో ఏ తేడా లేదు. ఒక్కటే మారింది. ఆ తర్వాత ఆమె నా చేత ఒక్క కాగితం కూడా రాయించుకోలేదు. సెలవు చీటీ దగ్గర్నుంచి అన్నీ తానే రాసుకునేది. ఆ మెమోకంటే నాకు పెద్ద మెమో అది.

ఆమెకు కుర్చీ వచ్చింది. రిటైరు కావడానికి పదకొండు నెలల ముందు. ఆమె వీడ్కోలు సభకు నన్ను కూడా పిలిచారు. మాట్లాడిన పెద్దమనిషి ఒకాయన కొబ్బరినీళ్ల కథ చెప్పి అందరినీ నవ్వించాడు. ఆమె పూలదండతో కూర్చొని నవ్వింది. నేను వేదిక మీదే ఉన్నాను. నేనూ నవ్వాను.

ఆ టీ వేళ ప్రశ్న తర్వాత ఆదివారం ఆమె ఊరికి వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీర మార్చలేదు. జుట్టు కూడా ఆ చీర రంగుకు వచ్చింది. "ఎన్నేండ్లకు సార్!" అని కుర్చీ వేసి, లోపలికి కేక వేసింది: "చాయ్ పెట్టుండ్రి. సారుకు రెండు చెంచాల చక్కెర."

చెప్పడానికి వెళ్లినదాన్ని ఆ ఎర్ర స్విచ్ దగ్గర మొదలుపెట్టాను. ఎలాగో చివరిదాకా చెప్పాను. ఆమె వింటూ కొంగు చివర సాపు చేసుకుంటూ కూర్చుంది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా నువ్వు?"

"చెప్తే ఎవరు నమ్ముతుండె సార్? మీరు రాసేటోళ్లు. నేను నీళ్లు చల్లినదాన్ని. మీరే చెప్తరని జూసిన. ఓ మూడు నెలలు జూసిన. ఆ ఎన్క యాది జేసుకునుడు బంద్ వెట్టిన."

"ఇప్పుడు నేనేం చేయాలె?"

"రాసియ్యుండ్రి. నేను రాసిచ్చిన గదా."

వాళ్ల ఇంట్లో నోటుపుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చింది. రాశాను. పొరపాటున స్విచ్ మార్చానని, పొరపాటున ఆ సంగతి చెప్పకుండా ఉండిపోయానని. ఆమె కళ్లజోడు పెట్టుకొని, వేలు పెట్టి చదివింది. రెండో వరుస మీద వేలు ఆగింది.

"గీ మొదటి పొరపాటు ఉండనీయుండ్రి. అది పొరపాటే. నేను గూడ నవ్విన గదా. గీ రెండోది తీసెయ్యుండ్రి సార్."

"ఏం రాయమంటవ్?"

"జరిగింది. పెన్నుతోని మళ్ల మీదికన్నరు. అది పొరపాటు గాదు గదా."

కొట్టేసి, ఇంకో కాగితం మీద మొత్తం మళ్లీ రాశాను. ఈసారి ఆమె చివరిదాకా ఆగకుండా చదివి, మడిచి నాకే తిరిగి ఇచ్చింది.

"నీ దగ్గర ఉంచుకోవా అక్కా?"

"నాకెందుకు? ఫైలుల పెట్టుండ్రి" అంది. "మూడో బీరువా. అన్నిటికన్న కింది అర. ఎర్రదారం కట్ట, కంప్యూటర్ అని నా రాతే ఉంటది. నా కాగితం మీద పెట్టుండ్రి. కింద గాదు."

సోమవారం పొద్దున రికార్డు గది తెరిపించాను. మూడో బీరువా, కింది అర, ఎర్రదారం. చెప్పింది చెప్పినట్టే ఉంది. పసుపెక్కిన నా చేతిరాత కింద ఆమె గుండ్రటి సంతకం. దాని మీద నా కాగితం పెట్టి దారం కట్టాను.

పిల్లలూ, ఇక ఆ కథ చెప్పుకోవాలనిపిస్తే ముందు వెళ్లి ఆ ఫైలు చదవండి. చదివాక మళ్లీ అదే అరలో, అదే దారంతో సరిగ్గా కట్టి పెట్టండి. నేను వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. ఆమె అడుగుతుంది.